4,500 డాలర్లు అడ్వాన్సు మాత్రమే, తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిషిగన్ వచ్చి ఎనిమిది నెలలైంది, 1995 షెవర్లే కమారో జడ్28 స్పోర్ట్స్ కారు 4,500 డాలర్లకు దొరుకుతోంది, ఇంజిన్ బ్రహ్మాండంగా ఉందని అమ్మేవాడు అంటున్నాడు, కొననా అన్నావు. వద్దంటే వినవని తెలుసు. 2008లో నాకూ ముగ్గురు వద్దన్నారు. ఆ ముగ్గురికీ కార్ల గురించి ఏమీ తెలియదని తేల్చేశాను.

నాది ఏ కంపెనీ బండో చెప్పను. తప్పు బండిది కాదు, నాది. నల్ల రంగు, రెండు తలుపులు, వి8 అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, 3,800 డాలర్లు. నేను వెళ్ళేసరికే అమ్మేవాడు ఇంజిన్ ఆన్ చేసి ఉంచాడు. చలిలో నేను ఇబ్బంది పడకుండా వేడి చేసి పెట్టాడు కాబోలు, ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయాను. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసినప్పుడే టకటకలు, నీలం పొగ బయటపడతాయని, వేడెక్కాక చాలావరకు సద్దుమణుగుతాయని నాకేం తెలుసు? మర్నాడు పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగులో తాళం తిప్పితే, తెనాలిలో మా పిన్ని కుట్టు మిషను తొక్కుతున్నట్టే ఉంది.

ఆ వేసవిలోనే గ్యాస్, అంటే పెట్రోలు, గాలను 4 డాలర్లు దాటింది. నా బండి గాలనుకి 15 మైళ్ళిస్తే గొప్ప. వారం వారం పుస్తకంలో రాసుకునేవాణ్ణి, ఒకవైపు డాలర్లు, పక్కనే రూపాయలు. ఈ గుణకారం జబ్బు కొత్తగా వచ్చిన అందరికీ ఉంటుంది. నాకు ఇన్నేళ్ళయినా పోలేదు, పోనివ్వను కూడా.

అక్టోబరులో ఐ-75 హైవే మీద పోతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీతని తాకింది. అక్కడే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. కానీ టో ట్రక్కు 90 డాలర్లు, అంటే నాలుగు వేల పైచిలుకు రూపాయలు. మా ఎగ్జిట్ ఇంకో మూడు మైళ్ళే కదా అని లాగించేశాను. ఇంజిన్ పైభాగంలోని అల్యూమినియం హెడ్ ఆ వేడికి వంగిపోతుంది, దాని కిందుండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోతుంది, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ మూత తీస్తే లోపల అచ్చం ఫిల్టర్ కాఫీ నురగ.

మొదటి మెకానిక్ థర్మోస్టాట్ అన్నాడు, మార్చాడు. తర్వాత రేడియేటర్ అన్నాడు, అదీ మార్చాడు. కూలెంట్ ఎక్కడ కారుతోందో పట్టే ప్రెషర్ టెస్టు మాత్రం చెయ్యలేదు, చెయ్యమని అడగాలని నాకూ తెలియదు. వెనక గొట్టంలోంచి వచ్చే తెల్లపొగ అలాగే ఉంది. రెండో షాపులో సంగతి తేలింది. అంతా కలిపి 2,600 డాలర్లు. డాలరు అప్పటికి 48కి చేరింది, లెక్క నువ్వే వేసుకో. లక్షా పాతిక వేలు, మూడు మైళ్ళకి.

నాన్నకి ఫోన్ చేసి రెండు నెలలు డబ్బు పంపలేనన్నాను. డెట్రాయిట్ కంపెనీలు కుదేలయ్యాయని రోజూ టీవీలో చూస్తున్న మనిషి, నా ఉద్యోగం ఊడిందనుకున్నాడు. అమ్మకి తెలియకుండా డిపాజిట్ తీసి పంపనా అన్నాడు. కారని చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

ఇక నీ జడ్28. అందులోది ఎల్‌టీ1, 5.7 లీటర్ల వి8, కమారోలో 1993 నుంచి 1997 దాకా పెట్టారు. గట్టి ఇంజినే. దాని గండమల్లా ఆప్టిస్పార్క్, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. దాన్ని తెచ్చి ఇంజిన్ ముందువైపు, వాటర్ పంపు కింద పెట్టారు. పంపు కారిందంటే చుక్కలు పడేది దాని నెత్తిమీదే. బండి దగ్గుతుంది, మిస్‌ఫైర్ అవుతుంది, ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. దాన్ని అందుకోవాలంటే పంపు ఊడదీయాలి, క్రాంకు ముందున్న డ్యాంపర్ తీయాలి, అదంతా గంటల లెక్కన కూలి. మార్చాల్సివస్తే పంపు కూడా కొత్తదే వెయ్యించు. పాతది మళ్ళీ బిగించి 200 డాలర్లు మిగిల్చానని సంబరపడకు. ఇంకో తిరకాసు, ఈ ఇంజిన్లో కూలెంట్ ముందు హెడ్లకి వెళ్ళి తర్వాత బ్లాకులోకి దిగుతుంది. నింపాక లోపలి గాలి పూర్తిగా తీయకపోతే నా ఐ-75 కథే నీదీ అవుతుంది.

వీడియోలు చూసి 20 డాలర్ల స్కానర్ కొన్నానన్నావు. అమెరికాలో ఓబీడీ2, అంటే స్కానర్ తగిలించి బండి లోపాలు చదివే పద్ధతి, తప్పనిసరి అయింది 1996 మోడళ్ళ నుంచి. 1995 కమారోలో సాకెట్ ఆకారం అదే, లోపల మాట్లాడే భాష వేరు. నీ స్కానర్‌కి ఒక్క ముక్కా అర్థం కాదు.

ఫోర్డ్ మస్టాంగ్ నయమా అని చివర్లో అడిగావు. అన్ని ఇళ్ళలోనూ మట్టి పొయ్యే. 2005లో వచ్చిన మస్టాంగ్ జీటీలో స్పార్క్ ప్లగ్గు రెండు ముక్కలుగా చేసినది, మసి పట్టి కింది ముక్క హెడ్‌లోనే విరిగి ఉండిపోతుంది. అంతకుముందు తరం 4.6 లీటర్ల ఇంజిన్లో గాలి పంచే ప్లాస్టిక్ ఇంటేక్ మ్యానిఫోల్డ్ పగిలి కూలెంట్ కారేది, తర్వాత ఆ భాగం అల్యూమినియంతో చేశారు. నన్నడిగితే ఇంకొంత దాచి 1998 నుంచి 2002 దాకా వచ్చిన వి8 కమారో చూడు. అందులోని ఎల్ఎస్1 ఇంజిన్లో డిస్ట్రిబ్యూటరే లేదు, స్పార్క్ ఇవ్వడానికి సిలిండర్‌కో కాయిల్.

టైటిల్ (బండి యాజమాన్య పత్రం), ఇన్సూరెన్సు రూల్సు రాష్ట్రం సైట్లో ఉంటాయి, చదువుకో. మిషిగన్‌లో ఏటేటా బండి తనిఖీ లేదు కాబట్టి, రోడ్డు మీద తిరుగుతోందంటే బాగున్నట్టు కాదు. చలికాలం ఉప్పు ఎగ్జాస్ట్ బోల్టుల్నీ బ్రేకు గొట్టాల్నీ తినేస్తుంది, కిందికి దూరి చూడు.

అసలు మాట డబ్బు. బండి ధర 4,500 అయితే, ఇంకో 4,500 విడిగా బ్యాంకులో ఉండాలి. ఇంటికి పంపేది అందులో కలపకు. క్రెడిట్ కార్డు లిమిట్‌ని డబ్బనుకోకు. ఆఫీసుకి వెళ్ళడానికి వేరే బండి ఉండాలి, బోరుకొట్టే కరోలా అయినా సరే. ఇప్పుడు నా గరాజులో కూడా ఒక వి8 ఉంది, రూపాయి అప్పులేదు. ఆగస్టులో పాతకార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్‌కి వుడ్‌వర్డ్ రోడ్డు మీద మా ఆవిడని ఎక్కించుకుని తిప్పుతాను. కానీ దానికి పదకొండేళ్ళు ఆగాను.

శనివారం చూడటానికి వెళ్తానన్నావుగా. ముందురోజు ఫోన్ చేసి, నేనొచ్చేదాకా ఇంజిన్ ఆన్ చెయ్యొద్దని చెప్పు. వెళ్ళగానే హుడ్ (మన బానెట్) మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే తిరిగొచ్చెయ్యి. పది తర్వాతైతే నేనూ వస్తాను, అంతకుముందు మా అమ్మాయికి కూచిపూడి క్లాసు.