ఆ సీసా దాచకు

చిరంజీవి మురళికి పెదనాన్న ఆశీస్సులు.

నీ రిపోర్టు చూశాను. ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం, 38 అంటే కిడ్నీ జబ్బు మూడో దశలో రెండో సగం. బెంబేలెత్తాల్సింది లేదు, ఏమరపాటూ పనికిరాదు. పిన్ని తెచ్చిన కషాయం తాగనా వద్దా అని అడిగావు. ముందు నా సంగతి విను.

నేనూ తాగాను. చీటీ అయినా లేని గోధుమరంగు సీసా, పుస్తకాల వెనక దాచేవాణ్ణి. డాక్టరు "వేరే మందులేమైనా?" అంటే తల అడ్డంగా ఊపాను. మూడు వారాలకు మెట్లెక్కుతుంటే కాళ్లు తేలిపోయాయి. రక్తంలో పొటాషియం 6.4! ఐదు దాటకూడదు. గుండె లయ తప్పకముందే మంచమెక్కించి సూదులు వేశారు. అప్పుడు నిజం చెప్పాను. డాక్టరు కోప్పడలేదు, సీసా తెప్పించి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

మంచి కిడ్నీ అదనపు పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. మనది అలా పంపలేకపోతుంది. ఆకు పసరుల్లో, కషాయాల్లో అది దండిగా ఉండవచ్చు. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలూ దాన్ని పెంచుతాయి. రెండూ కలిస్తే నా గతే. అతిమధురానిది దీనికి పూర్తిగా ఎదురు దారి: పొటాషియాన్ని దించి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలవేసి బీపీ పెంచుతుంది. "మూలికే కదా" అని అన్నింటినీ ఒకే గాట కట్టడం అందుకే కుదరదు.

ఈశ్వరి వేరు పేరు వినబడితే మాత్రం అక్కడే లేచి వచ్చేయి. ఆ జాతి మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను ఎండగడుతుంది. సన్నబడే మాత్రల్లో ఒక మూలికకు బదులు ఈ జాతిది కలిసి ఎందరో ఆడవాళ్ల కిడ్నీలు పోయాయని 1993లో బెల్జియం డాక్టర్లు బయటపెట్టారు. మాత్రలు మానేశాకా నష్టం ఆగలేదు. కొందరికి తర్వాత మూత్రనాళంలో క్యాన్సర్ వచ్చింది.

భస్మాల్లో పాదరసం, సీసం ఉండవచ్చు, వాటి జోలికి పోకు. ఏ పొడి వల్లనైనా మోకాళ్ల నొప్పి రెండు రోజుల్లో మాయమైతే సంతోషించకు, అందులో నొప్పి మాత్రలో స్టెరాయిడో నూరి కలిపారేమోనని అనుమానించు.

"వాడాక క్రియాటినిన్ తగ్గింది" అని ఎవరో చెప్పారన్నావు. అది కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. కఠిన పథ్యంతో కండ కరిగినా ఆ అంకె తగ్గుతుంది నాయనా! కిడ్నీ బాగుపడిందని కాదు.

మూలికలన్నీ విషమని నేననను. ఏదైనా వాడాలనిపిస్తే, అందులో ఏమేమి ఉన్నాయో ఆ మందిచ్చే వైద్యుడి చేతే కాగితం మీద రాయించుకో. రాయనంటే నమస్కారం పెట్టి వచ్చేయి. రాస్తే ఆ కాగితం కిడ్నీ డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టు. పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో కూడా అడుగు. బీపీ మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా సొంతంగా మానకు.

బుధవారం ఆసుపత్రికి వెళ్తున్నావుగా, ఆ సీసా సంచిలో పెట్టుకో. పిన్ని నొచ్చుకుంటుందనుకుంటే పెదనాన్నే పట్టుకెళ్లమన్నాడని చెప్పు. ఆమెతో నేను మాట్లాడుకుంటాను.

మీ పెదనాన్న