పాఠకుల ప్రశ్నలు, వైద్యుల సమాధానాలు: ట్రిప్సిన్ గోలీ వాపును తగ్గిస్తుందా?

ప్రశ్న (హన్మకొండ): నా భార్యకు జ్ఞానదంతం తీసిన తరువాత దవడ బాగా వాచింది. నొప్పి గోలీతో పాటు ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ కలిసిన గోలీని భోజనానికి అరగంట ముందు వేసుకోమని దంతవైద్యులు రాశారు. ట్రిప్సిన్ అంటే పేగులో మాంసకృత్తులను అరిగించే ఎంజైమ్ అని బైపీసీ చదివే మా అబ్బాయి చెప్పాడు. అలాంటిది దవడ వాపును ఎలా తగ్గిస్తుంది? అది మన శరీరాన్నే ఎందుకు అరిగించదు?

సమాధానం: రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిది తేలికగా అర్థమవుతుంది. క్లోమం ట్రిప్సిన్‌ను నేరుగా తయారు చేయదు. ట్రిప్సినోజన్ అనే నిద్రాణ రూపంలో తయారు చేసి, దానికి తోడుగా ఒక నిరోధక ప్రోటీన్‌ను కూడా కలిపి పంపుతుంది. ఆ రసం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలానికి చేరిన తరువాత, అక్కడి పేగు గోడ మీద ఉండే ఎంటెరోపెప్టిడేజ్ అనే ఎంజైమ్ ట్రిప్సినోజన్ మొదటి కొస నుంచి చిన్న ముక్కను తెంచుతుంది. ఆ ముక్క పోగానే మిగిలిన అణువు ఆకృతి కొద్దిగా మారి చురుకైన ట్రిప్సిన్ అవుతుంది. ఆపైన అదే తక్కిన ట్రిప్సినోజన్‌ను, కైమోట్రిప్సినోజన్‌ను కూడా మేల్కొలుపుతుంది. పేగు గోడకు జిగురు పొర రక్షణగా ఉంటుంది. దాని పైపొర కణాలు కొద్ది రోజులకొకసారి కొత్తవి అవుతూ ఉంటాయి.

ట్రిప్సిన్ ప్రోటీన్‌ను ఎక్కడ పడితే అక్కడ తెంచదు. దాని అణువులోని గుంత అడుగున రుణావేశం ఉంటుంది కనుక ధనావేశం గల లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలే అందులో కుదురుకుంటాయి, వాటి పక్కనే బంధం తెగుతుంది. కైమోట్రిప్సిన్ గుంత వేరు. అందులో ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ వంటి పెద్ద అమైనో ఆమ్లాలు ఇముడుతాయి. బంధాన్ని తెంచే పని మాత్రం రెండింటిలోనూ సెరిన్, హిస్టిడిన్, ఆస్పార్టేట్ అనే మూడు అమైనో ఆమ్లాలే కలిసి చేస్తాయి. జాన్ నార్త్రాప్, మోజెస్ కునిట్జ్ అనే శాస్త్రవేత్తలు ఈ రెండు ఎంజైమ్‌లను స్ఫటికాలుగా వేరు చేసి చూపడం, ఎంజైమ్‌లు ప్రోటీన్లేనని నిరూపించిన పరిశోధనల్లో ముఖ్యమైనది. నార్త్రాప్‌కు 1946లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఇక గోలీ సంగతి. దెబ్బ తగిలిన చోట ద్రవమూ, ఫైబ్రిన్ అనే గడ్డకట్టే ప్రోటీనూ పేరుకుని వాపు వస్తుంది. ఈ ఎంజైమ్‌లు ఫైబ్రిన్‌ను కరిగించి రక్తప్రసరణకు దారి తెరుస్తాయన్నది గోలీ వెనుక ఉన్న వాదన. జఠరరసంలో పాడవకుండా దానికి పూత వేస్తారు. కడుపులో అన్నం ఉంటే ఎంజైమ్ దాని మీదే ఖర్చైపోతుంది కనుక భోజనానికి ముందు వేసుకోమంటారు. అయితే ట్రిప్సిన్ కూడా ప్రోటీనే. పేగు దాటి చెక్కుచెదరకుండా రక్తంలో చేరేది చాలా తక్కువ. చేరినదాన్ని కూడా రక్తంలోని ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్, ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్లు పట్టి బంధిస్తాయి. అందువల్ల దవడ దాకా పనిచేసే స్థితిలో ఎంత వెళుతుందన్న సందేహం న్యాయమైనదే. కొన్ని చిన్న అధ్యయనాల్లో వాపు త్వరగా తగ్గినట్టు కనిపించినా, ఆధారాలు బలమైనవని నేను అనలేను. ఇదే కోవకు చెందిన సెరాషియోపెప్టిడేజ్‌ను, ఉత్తుత్తి గోలీతో పోల్చిన పరీక్షలో ప్రయోజనం తేలక, జపాన్‌లో టకేడా సంస్థ 2011లో స్వచ్ఛందంగా ఉపసంహరించుకుంది. జ్ఞానదంతం తీసిన తరువాత వాపు సాధారణంగా రెండు మూడు రోజులు పెరిగి, వారంలోపు దానంతటదే తగ్గుతుంది. ఆ ఘనత గోలీకి కట్టబెట్టడం తేలిక.

కొద్ది రోజులు వాడితే చాలామందికి హాని ఉండదు. రక్తం పలుచన చేసే మందులు వాడేవారు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందే వైద్యునికి చెప్పాలి. ఈ ఎంజైమ్‌లను సాధారణంగా పశువుల లేదా పందుల క్లోమం నుంచి తీస్తారు కనుక, ఆ విషయంలో పట్టింపు ఉన్నవారు మందుల దుకాణంలో అడిగి తెలుసుకోవచ్చు. మూడో రోజు దాటాక వాపు ఇంకా పెరిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఈ గోలీని నమ్ముకుని ఇంట్లో ఉండకండి. ఊపిరి తీసుకోవడం ఇబ్బందిగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న (నిర్మల్): మా చేనులో సోయా పండుతుంది. పచ్చి సోయా పిండిని పాలలో కలిపి పిల్లలకు ఇస్తే బలమని ఇంట్లో అంటున్నారు. ఇవ్వవచ్చా?

సమాధానం: ఇవ్వవద్దు. పచ్చి సోయా గింజలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని పైన చెప్పిన కునిట్జ్ గారే 1945లో స్ఫటికంగా వేరు చేశారు. అది ట్రిప్సిన్ గుంతలో గట్టిగా ఇరుక్కుని, మరో ప్రోటీన్‌ను చేరనివ్వదు. పేగులో ట్రిప్సిన్ చాలడం లేదన్న సంకేతంతో క్లోమం మరింత రసం ఊరిస్తుంది. పచ్చి సోయా తిన్న కోడిపిల్లల్లో ఎదుగుదల మందగించి, క్లోమం ఉబ్బినట్టు పరిశోధకులు చూశారు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికిస్తే ఈ నిరోధకాలు చాలావరకు నశిస్తాయి. అప్పుడు సోయా నిజంగా మంచి ఆహారం.

ప్రశ్న (జగిత్యాల): మా అన్నకు క్లోమం వాపు వచ్చింది. అరిగించే రసమే అవయవాన్ని తింటున్నదని డాక్టర్ అన్నారు. ఎందుకలా జరుగుతుంది?

సమాధానం: పేగులో మేల్కోవలసిన ట్రిప్సిన్ క్లోమంలోనే మేల్కొనడం అందులో ముఖ్యమైన ఘట్టం. పిత్తాశయ రాళ్ళు, మద్యం ఎక్కువగా కనిపించే కారణాలు. కొందరిలో మొదట చెప్పిన నిరోధక ప్రోటీన్‌ను తయారు చేసే స్పింక్-1 జన్యువులోనే లోపం ఉంటుంది. మన దేశంలో కనిపించే ఒక రకం దీర్ఘకాలిక క్లోమ వ్యాధికి ఈ లోపంతో గట్టి సంబంధం ఉందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. మీ అన్నగారు మద్యం పూర్తిగా మానాలి. జబ్బు దీర్ఘకాలికమై, మలం జిడ్డుగా పోతూ బరువు తగ్గుతుంటే క్లోమ ఎంజైమ్‌ల క్యాప్సూల్స్ అవసరమవుతాయి. ఈ ఎంజైమ్‌లు పనిచేయవలసింది పేగులోని ఆహారం మీదే కనుక వీటి ప్రయోజనంలో సందేహం లేదు. వీటిని పరగడుపున కాకుండా అన్నం మొదటి ముద్దతోనే వేసుకోవాలి.