బాబుకి స్ట్రోక్, రిపోర్టులో ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్: మేనరికం వల్లేనా?

ఆరేళ్ళ బాబుకి స్ట్రోక్ వచ్చిందనీ, రిపోర్టులో 'ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ హెటెరోజైగస్' (అంటే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే జన్యువులో ఒక మార్పు) అని ఉందనీ, మేనరికం చేసుకోబట్టే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారనీ రాశారు. రెండో బిడ్డకీ పరీక్ష చేయించాలా అని అడిగారు.

మాదీ మేనరికమే. పాపకి నాలుగేళ్ళప్పుడు ఒకరోజు పొద్దున పాలగ్లాసు చేతిలోంచి జారింది, మూతి ఓ పక్కకి లాగింది. మొదట చూసినచోట ఫిట్స్ అన్నారు. ఎమ్మారై తీసేసరికి మర్నాడు సాయంత్రమైంది. తర్వాత రక్తపరీక్షల్లో మాకూ ఇదే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ వచ్చింది. నెలరోజులు నాకు నిద్ర లేదు.

జెనెటిక్స్ డాక్టరు చెప్పాక గానీ అర్థం కాలేదు. ఆ మార్పు మామూలు జనంలో చాలామందికి ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కారణం వెతికేటప్పుడు ఈ పరీక్ష అసలు రాయొద్దని అమెరికాలో జెనెటిక్స్ వైద్యుల సంఘం 2013లోనే చెప్పిందట. చూడాల్సింది హోమోసిస్టీన్, అంటే రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం, అది మరీ ఎక్కువైతే గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. మా పాపకి 24 ఉంది, బీ12 బాగా తక్కువ. మందు వాడితే మూడు నెలలకి 9కి దిగింది.

హెటెరోజైగస్ అంటే మారిన కాపీ ఒక్కటే, అది అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. దానికి చుట్టరికంతో పనిలేదు. ఒకే లోపం ఇద్దరి నుంచీ వచ్చే జబ్బుల్లోనే మేనరికం లెక్కలోకి వస్తుంది. హోమోసిస్టీన్యూరియా అలాంటిది. అందులో హోమోసిస్టీన్ తరచూ 100 దాటుతుంది, కంట్లో లెన్స్ పక్కకి జారుతుంది. కొందరికి బీ6తోనే అదుపులోకి వస్తుంది. అందుకే బాబుకి హోమోసిస్టీన్ పరీక్ష చేయకపోతే తప్పకుండా అడగండి.

రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే ప్రొటీన్ సి తక్కువుందన్నా అప్పుడే హడలిపోకండి. మాకు మూడోరోజే తీశారు, తక్కువొచ్చింది. గడ్డ కట్టిన కొత్తలో అది ఖర్చయిపోయి తగ్గుతుంది, గడ్డ కట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్నా తగ్గుతుంది. చిన్నపిల్లల్లో మామూలుగానే పెద్దవాళ్ళకంటే తక్కువుంటుంది. మూడు నెలలకి మళ్ళీ చేస్తే సరిగ్గానే ఉంది.

చివరికి తేలింది ఏమిటంటే, మెదడు రక్తనాళం ఒకటి సన్నబడింది. ఆర్నెల్ల ముందు పాపకి ఆటలమ్మ పోసింది, దానివల్లే కావచ్చన్నారు. రక్తనాళాల యాంజియో, గుండె ఎకో మీకు అయ్యాయా? జన్యువుల టెన్షన్‌లో పడి అవి వదిలేయకండి. డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్ ఆపకండి.

మీది పాడేరు, అరకు, ఉట్నూరు లాంటి గిరిజన ప్రాంతాల వైపైతే సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరయ్యే వంశపారంపర్య జబ్బు) పరీక్ష ముందు చేయించండి. పిల్లల్లో స్ట్రోక్ తెచ్చే జన్యు జబ్బుల్లో ముఖ్యంగా భయపడాల్సింది అదే, ప్రమాదాన్ని ముందే పసిగట్టనూ వచ్చు. తలకి డాప్లర్ (రక్తం ఎంత వేగంగా పారుతోందో చూసే స్కాన్) తీసినప్పుడు రక్తవేగం సెకనుకి 200 సెంటీమీటర్లు చేరిందంటే ప్రమాదం ఎక్కువ. అలాంటి పిల్లలకి క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే స్ట్రోక్ చాలావరకు తప్పుతుందని 1998లోనే రుజువైంది.

బాబుకి సికిల్‌సెల్ గానీ హోమోసిస్టీన్యూరియా గానీ తేలితే రెండో బిడ్డకి వెంటనే పరీక్ష చేయించండి. ఉన్నది ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ ఒక్కటే అయితే ఆ బిడ్డని సూదులతో ఏడిపించక్కర్లేదు. మా చిన్నవాడికి మేం చేయించలేదు.