ఫీజు ఉన్న క్రెడిట్ కార్డు మేలా, ఫీజు లేనిదా?

ఏడాదిలో తిరిగొచ్చే క్యాష్‌బ్యాక్ ఫీజును దాటితేనే ఫీజు కార్డు మేలు, లేకుంటే ఉచిత కార్డే తీసుకోండి. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, వెయ్యి అన్నది 1,180 అవుతుంది. బరంపురంలో సరుకులకూ మందులకూ నెలకు 8,000 కార్డు మీద పెట్టే ఇంటికి ఒక శాతం లెక్కన ఏడాదికి వచ్చేది 960. నష్టమే కదా! పర్లాకిమిడి సందుల్లో క్యూఆర్ కోడ్ మాత్రమే పెట్టుకున్న కొట్లలో కొంటారా? అయితే యూపీఐకి కలిసే రూపే క్రెడిట్ కార్డు చూడండి. ఫీజు కార్డులు ఎరగా చూపే ఎయిర్‌పోర్టు లౌంజ్ (విశ్రాంతి గది) మీకెందుకు?

మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంత కట్టాలని చూపే మొత్తం, కడితే వడ్డీ పడదని చాలామంది నమ్ముతారు. అది తప్పు. మిగిలిన బాకీ మీదా, కొత్తగా కొన్నవాటి మీదా పడుతుంది. నెలకు 3.5 శాతమైతే 30,000 బాకీకి ఒక్క నెల వడ్డీ 1,050. ఏడాది క్యాష్‌బ్యాక్ కంటే ఎక్కువ.