టెక్ సందేహాలు: విపత్తు హెచ్చరికలను ఫోనులో ఆపేయవచ్చా?

ప్రశ్న: అర్ధరాత్రి నా ఫోను సైరన్‌లా మోగి తుపాను హెచ్చరిక చూపించింది. సైలెంట్‌లో పెట్టినా ఆగలేదు. నా నంబరు వాళ్లకు ఎవరిచ్చారు? దీన్ని శాశ్వతంగా ఆపేయడం ఎలా?

జవాబు: హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ ఇదే ఫిర్యాదు గుట్టలుగా వస్తోంది. ఆపేసే దారి నేను చెప్పను. మీ నంబరు ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో టవరు తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం ప్రసారం చేస్తుంది. అది ఎవరెవరికి అందిందో టవరుకు తెలియదు. మొబైల్ డేటా ఆపేసినా వస్తుంది. అందరూ ఒక్కసారిగా ఫోన్లు చేసి నెట్‌వర్క్ కిక్కిరిసిన వేళ ఎస్సెమ్మెస్‌లు ఆగిపోవచ్చు కానీ ఇది అందుతుంది. సైలెంట్‌ను పట్టించుకోకపోవడం లోపం కాదు, నిద్రపోతున్నవారిని లేపడానికే దాన్ని అలా తయారుచేశారు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన సునామీ శ్రీలంకను చేరడానికి దాదాపు 2 గంటలు పట్టింది. అంత వ్యవధి ఉన్నా హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. ఆ రోజు 2 లక్షల మందికి పైగా చనిపోయారు.

అయితే ఫోన్లు తయారుచేసేవారి మీద నాకూ కోపం ఉంది. చాలా ఫోన్లలో ‘సరే’ నొక్కగానే హెచ్చరిక మాయమవుతుంది. మళ్లీ చూడాలంటే సెట్టింగ్స్‌లో పొరలు పొరలుగా వెతకాలి. నిద్రమత్తులో ఉన్న మనిషి ముందు మోత ఆపుతాడు, తర్వాతే చదవాలనుకుంటాడు. ఇంత చిన్న విషయం ఆలోచించకుండా ఫోను ఎలా తయారుచేస్తారు?

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది నకిలీ హెచ్చరిక. ఈ సందేశం నిజంగా అధికారుల నుంచే వచ్చిందని రుజువు చేసే డిజిటల్ సంతకం సాధారణంగా ఉండదు. టవరు పంపితే చాలు, ఫోను నమ్మేస్తుంది. ఒక్కో వాట్ శక్తి గల 4 నకిలీ టవర్లతో 50 వేల మంది పట్టే స్టేడియంలో దాదాపు 90 శాతం ఫోన్లకు దొంగ హెచ్చరిక పంపవచ్చని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చారు. అంతకు ముందు, 2017 ఏప్రిల్‌లో, డాలస్ నగరంలో ఎవరో రేడియో సంకేతంతో 156 సైరన్లను అర్ధరాత్రి మోగించారు. ఊరంతా ఏ విపత్తో తెలియక బెంబేలెత్తింది. ప్రాణాలు కాపాడే వ్యవస్థకు బ్యాంకు యాప్‌కు ఉన్నంత కాపలా కూడా లేకపోవడం నేరమనే అంటాను.

ఇంత హంగు లేని మోసం ఇంకొకటి ఉంది. తుపాను వార్త రాగానే గ్రూపుల్లో ‘తాజా హెచ్చరికల యాప్’ అంటూ ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) తిరుగుతుంది. వాతావరణం చెప్పే యాప్‌కు మీ లొకేషన్, నోటిఫికేషన్ అనుమతులు చాలు. ఎస్సెమ్మెస్‌లు చదువుతాననో యాక్సెసిబిలిటీ (తెర మీద ఉన్నదంతా చదివి, మీ బదులు నొక్కే అనుమతి) కావాలనో అడిగిందంటే దాని కన్ను మీ ఓటీపీల మీదే. వెంటనే తీసేయండి. హెచ్చరికలో లింకు కనిపించినా నొక్కవద్దు, అధికారిక వెబ్‌సైటును మీరే తెరిచి సరిచూసుకోండి. దాన్ని పదిమందికీ ఫార్వర్డ్ చేసేది ఆ తర్వాతే.

ప్రశ్న: భూమి కంపించడం మొదలయ్యాక భూకంప హెచ్చరిక వచ్చింది. ఫోను పాడైందా?

జవాబు: లేదు. భూకంపాన్ని ఎవరూ ముందుగా పసిగట్టలేరు. ముందు వచ్చే పీ తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎక్కువ నష్టం చేసే ఎస్ తరంగాలు సుమారు 3.5 కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. మొదటివాటిని పరికరాలు గుర్తించి, రెండోవి చేరేలోగా సందేశం పంపుతాయి. భూకంప కేంద్రానికి 100 కిలోమీటర్ల దూరంలో ఉంటే కొన్ని సెకన్ల వ్యవధి దొరుకుతుంది, మరీ దగ్గరుంటే అసలు దొరకదు. ఆ కొద్ది సెకన్లలో మెట్ల వైపు పరుగెత్తవద్దు, వీడియో తీయవద్దు. గట్టి బల్ల కిందికి దూరి, తల కాపాడుకుని, కుదుపు ఆగేదాకా దాని కాలు పట్టుకోండి.