డీబగ్ లైన్లు చూసి కెరీర్ మార్చుకోవాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అయ్యాక నెట్‌వర్క్ సపోర్ట్‌లో ట్రైనీగా చేరాను, మూడు నెలలైంది. మా దగ్గర వైఫై లాగిన్లన్నీ, ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే ఫ్రీరేడియస్ సర్వర్ మీదుగా వెళ్తాయి. మొన్న కొందరికి లాగిన్ అవ్వకపోతే మా సీనియర్ 'డీబగ్‌లో పెట్టి చూడు' అన్నారు. తెర మీద వందల లైన్లు పరిగెత్తాయి, ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఈ పని నాకు పడదేమో అనిపిస్తోంది. కోడింగ్ వైపు వెళ్లిపోనా?

జవాబు: కోడింగ్ మీద ఇష్టం ఉండి వెళ్తే నాకేం అభ్యంతరం లేదు. ఆ తెర చూసి బెదిరి మాత్రం వెళ్లకండి. వాటిని ఎక్కడ మొదలుపెట్టి చదవాలో మీకు ఎవరూ చెప్పలేదు, అంతే. ముందు అది చెప్తాను, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం.

సర్వర్‌ను పెద్ద ఎక్స్ ఆప్షన్‌తో (-X) నడిపితే అది వెనక దాక్కోకుండా మీ ముందే నడుస్తూ, చేసే ప్రతి పనీ తెర మీద చెప్తుంది. అంతకుముందే నడుస్తున్న సర్వీస్‌ను ఆపాలి. లేకపోతే లాగిన్ రిక్వెస్ట్‌లు వచ్చే 1812 పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందంటూ ఆగిపోతుంది. మొదట వచ్చే లైన్లలో ఎక్కువ భాగం సెట్టింగ్స్ ఫైళ్లు చదువుకుంటున్నప్పటివి. 'రెడీ టు ప్రాసెస్ రిక్వెస్ట్స్' అన్న లైను వచ్చిందంటే అక్కడిదాకా సవ్యంగానే ఉన్నట్టు. అసలు కథ దాని తర్వాతే. వెర్షన్ 3లో ఒక్కో రిక్వెస్ట్‌కు ఒక్కో నంబరు ఉంటుంది, లైను మొదట్లో బ్రాకెట్లలో కనిపిస్తుంది. ఫెయిలైన లాగిన్ నంబరు పట్టుకుని ఆ నంబరున్న లైన్లే చదవండి. వందల లైన్లు ఒక పేజీకి దిగుతాయి.

చాలామంది చివర్లో కనిపించే 'యాక్సెస్-రిజెక్ట్' దగ్గరే ఆగిపోతారు. అది ఫలితం మాత్రమే, కారణం దానికి పైనే ఎక్కడో ఉంటుంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్లు సర్వర్లు చూశాను. ఒకసారి ఒక పాత నెట్‌వర్క్ స్విచ్ నుంచి వచ్చే లాగిన్లన్నీ రిజెక్ట్ అయ్యేవి. రెండు రోజులపాటు యూజర్ల పాస్‌వర్డ్‌లు మార్చి మార్చి చూశాం. మూడో రోజు డీబగ్‌ను ఓపిగ్గా పైనుంచి చదివితే, పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపించాయి. షేర్డ్ సీక్రెట్, అంటే స్విచ్‌లోనూ సర్వర్‌లోనూ ఒకేలా పెట్టాల్సిన రహస్య పదం, సరిచూసుకోమన్న హెచ్చరిక దాని కిందే ఉంది! స్విచ్‌లో సీక్రెట్ కొట్టినప్పుడు ఒక అక్షరం తప్పు పడింది. పాస్‌వర్డ్‌ను ఆ సీక్రెట్‌తో కలిపి దాచి పంపుతారు కాబట్టి, రెండు వైపులా సీక్రెట్ ఒకటి కాకపోతే ఇవతల విప్పినప్పుడు చెత్తే వస్తుంది. యూజర్లు పాపం మొదటి నుంచీ సరైన పాస్‌వర్డే కొడుతున్నారు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. డీబగ్‌లో పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు కనిపించవచ్చు. సాయం అడగడానికి ఆ లైన్లు ఎవరికైనా పంపే ముందు వాటిని చెరిపేయండి. అందరూ వాడుతున్న సర్వర్‌ను అడగకుండా ఆపకండి కూడా, ఆ కాసేపూ ఎవరికీ కొత్తగా లాగిన్ అవ్వదు. సర్వర్‌ను ఆపకుండానే డీబగ్ చూపించే రాడ్‌డీబగ్ అనే సాధనం ఉంది, దాని గురించి సీనియర్‌ను అడగండి. సెట్టింగ్ మార్చాక రీస్టార్ట్ కొట్టే ముందు పెద్ద సీ ఆప్షన్‌తో (-C) ఒకసారి నడపండి. ఫైళ్లలో తప్పుంటే చెప్పేసి అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఈ చిన్న అలవాటు మీ ఉద్యోగంలో మీకు చాలా మంచి పేరు తెస్తుంది.

ఇక భవిష్యత్తు. ఫ్రీరేడియస్ పాటించే రేడియస్ అనే లాగిన్ పద్ధతి 1991 నాటిది, ఇప్పుడు వాడే ప్రమాణం 2000లో వచ్చింది. పాతదే గానీ సంస్థల వైఫైలు, వీపీఎన్‌లు నేటికీ దాని మీద నడుస్తున్నాయి. ఇది చేతికొస్తే ఈఏపీ (వైఫై లాగిన్‌లో గుర్తింపు రుజువు చేసే పద్ధతి), సర్టిఫికెట్లు, ఎల్‌డాప్ (యూజర్ల జాబితాను వెతికే పద్ధతి), యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్ వారి యూజర్ల జాబితా వ్యవస్థ) దాని వెంటే వస్తాయి. అక్కడి నుంచి సెక్యూరిటీ వైపు గానీ, యూజర్ల గుర్తింపు, అనుమతులు చూసే ఐఏఎం ఉద్యోగాల వైపు గానీ వెళ్లొచ్చు. ఇంటర్వ్యూలో 'లాగిన్ అవ్వడం లేదు, ఏం చేస్తారు?' అని అడిగితే ప్యాకెట్ సర్వర్‌దాకా వచ్చిందా, పంపిన పరికరం సర్వర్‌కు తెలుసా, సీక్రెట్ కలిసిందా, యూజర్ దొరికాడా, పాస్‌వర్డ్ సరిపోయిందా అని వరసగా చెప్పగలిగినవాళ్లు నూటికి పదిమంది కూడా నా కంటపడలేదు.

ఈ వారం మీ సొంత కంప్యూటర్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టి ఫ్రీరేడియస్ వేసుకోండి. ఒక యూజర్‌ను రాసి, లాగిన్ ప్రయత్నించి చూసే రాడ్‌టెస్ట్ సాధనంతో 'యాక్సెస్-యాక్సెప్ట్' వచ్చేదాకా పట్టు వదలకండి. వచ్చాక కావాలనే చెడగొట్టండి: ఒకసారి పాస్‌వర్డ్, ఒకసారి సీక్రెట్, ఒకసారి క్లయింట్ ఐపీ, అంటే రిక్వెస్ట్ పంపే పరికరం చిరునామా. ప్రతిసారీ డీబగ్‌లో కొత్తగా ఏ లైను వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్ నాలుగు పేజీలు నిండాక కూడా కోడింగ్‌కే వెళ్లాలనిపిస్తే మళ్లీ రాయండి, అప్పుడు ఆ దారి గురించి మాట్లాడుకుందాం.