పాట లేని వేషానికి వెళ్తున్న నా మనవరాలికి

తెనాలి,
ఆదివారం రాత్రి.

చిట్టితల్లికి,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు సినిమాలో వేషం వచ్చిందట, అంగన్‌వాడీ టీచరు పాత్రట, విజయనగరం వైపు ఇరవై నాలుగు రోజుల షూటింగట. ఆనందం పట్టలేక వాకిట్లోకి వచ్చేశాను. ఎవరికి చెప్పాలో తెలియక, పక్కింటికి పాలు పోయడానికి వచ్చిన అబ్బాయికి చెప్పాను. తిరిగి లోపలికి వచ్చి ఫోన్ అందుకుంటే మీ అమ్మ రెండో మాట చెప్పింది. ఆ పాత్రకు పాట లేదని తెలిసి, "చిన్న బిట్ సాంగ్ అయినా పెట్టండి సార్" అని నువ్వు డైరెక్టరును అడిగావట. చూద్దాం అన్నాడట ఆయన. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే "సరే అమ్మమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

ముందు మామూలు సంగతులు. అగ్రిమెంట్ కాగితం మీ నాన్నకు చూపించకుండా సంతకం పెట్టకు. డైలాగులు ముందురోజు రాత్రే కంఠతా రావాలి. మేకప్‌కి చెప్పిన టైముకంటే పావుగంట ముందే కూర్చో. రాత్రి షూటింగ్ ఉంటే నిన్ను రూముకు చేర్చే బండి ఏదో, డ్రైవర్ ఎవరో పగలే కనుక్కుని, ఆ నంబరు మీ అమ్మకు పంపు.

గొంతు సంగతి మాత్రం ఒక్క మాటతో వదలను. పాట లేదు కదా అని ఐస్ నీళ్లు తాగి, అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటావేమో అని నా భయం. నాలుగు వారాలు పట్టించుకోకపోతే గొంతు అలుగుతుంది తల్లీ. మీ అమ్మను కన్నప్పుడు నేను మూడు నెలలు పాడలేదు. మళ్లీ నా ఐదున్నర శ్రుతి అందుకోవడానికి ఏడాది పట్టింది. పొద్దున్నే పావుగంట, మంద్రంలో, తలుపు వేసుకుని సాధకం చెయ్యి. ఎవరికీ వినపడక్కర్లేదు.

ఇక అసలు విషయం. పాట ఎందుకు అడిగావో నాకు తెలుసు. టీవీలో నువ్వు పద్యం పాడితే జనం నిన్ను గుర్తుపెట్టుకున్నారు. బస్సులో, గుళ్లో, పెళ్లిళ్లలో "ఆ పద్యాల పిల్ల" అంటారు. అది తీసేస్తే నీలో ఏం మిగులుతుందని నీ భయం. ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పద్యం మనల్ని మోస్తుంది చూడు. హార్మోనియం శ్రుతి అందిస్తుంది, ఊపిరి ఎక్కడ తియ్యాలో పాదం చెబుతుంది, చెయ్యి ఎప్పుడు ఎత్తాలో రాగం చెబుతుంది. ముగించగానే చప్పట్లు వస్తాయి, అవి తగ్గేలోపు గుక్క తిప్పుకుంటాం. పద్నాలుగో ఏట నుంచి నేను హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం కట్టాను. కాటి సీనులో లోహితాస్యుణ్ణి ఒళ్లో పెట్టుకుని ఒక్క రాగం తీస్తే మూడు వన్స్‌మోర్లు పడేవి. తెల్లవారుజామున నాలుగింటికి కూడా ఒక్కరు లేచేవారు కాదు.

మన తెనాలిలోనే 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. తర్వాత ఊరూరా పరిషత్తులు వెలిశాయి, సాంఘిక నాటికలకు పోటీలు పెట్టేవారు. 1974లో అలాంటి ఒక పోటీకి ఒక స్కూలు మాస్టారు నాటిక రాసుకుని, నన్ను అడగడానికి సైకిలు మీద మూడుసార్లు మా ఇంటికి వచ్చారు. ఏ ఊరు, ఏ పరిషత్తు అన్నది వద్దులే. బొగ్గుగనిలో పనికి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి వేషం నాది. ఆమెకు చదువు రాదు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ ఉంటుంది. టెలిగ్రామ్ వస్తుంది. కోడలు చదువుకుంటుంది, చెప్పలేక నిలబడిపోతుంది. మాస్టారు నాకు చెప్పింది ఇంతే: "మీరు కోడలి ముఖం చూడండమ్మా. చేటలో చెయ్యి ఆగాలి. మనసులో పది లెక్కపెట్టండి. మళ్లీ చెయ్యి కదలాలి. అప్పుడు, ఈసారి బియ్యంలో రాళ్లు ఎక్కువున్నాయే అనండి. ఏడుపు కోడలిది. మీది కాదు."

రిహార్సల్స్‌లో బాగానే చేశాను. పోటీ రోజు మైదానం నిండిపోయింది. సగం మంది చంద్రమతిని చూడ్డానికి వచ్చినవాళ్లే. టెలిగ్రామ్ వచ్చింది, కోడలు చదివింది, నేను తలెత్తి చూశాను, చెయ్యి ఆపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంత నిశ్శబ్దం నేను స్టేజీ మీద ఎప్పుడూ వినలేదు. ఎక్కడో పసిబిడ్డ ఏడ్చింది. ఎవరో గోలీసోడా కొట్టారు. జనం చెయ్యి జారిపోతున్నారనిపించింది, ఒళ్లంతా చెమట పట్టింది. అయిదు లెక్కపెట్టలేకపోయాను. గడ్డం దానంతట అదే పైకి లేచింది, గొంతులోంచి "నాయనా..." అని ముఖారి రాగం వచ్చేసింది.

మైదానం దద్దరిల్లింది. వెనక నుంచి ఎవరో "చంద్రమతమ్మా, వన్స్‌మోర్!" అని అరిచారు. నేను లేచి నిలబడి రెండోసారి ఎత్తుకున్నాను తల్లీ. ఒళ్లోంచి చేట జారిపడి బియ్యం స్టేజీ అంతా పరుచుకుంది.

కోడలి వేషం వేసిన పిల్లకు పందొమ్మిదేళ్లు. అదే మొదటి వేషం. నెలరోజులుగా ఆ ఒక్క ఏడుపు కోసం తయారైంది. నేను ముఖం చూసినప్పుడు దాని కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి, రాలడమే తరువాయి. నా రెండో రాగం అయ్యేసరికి ఆ కళ్లు ఆరిపోయాయి. ఎటు చూడాలో తెలియక, టెలిగ్రామ్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది. నాటికకు బహుమతి రాలేదు. నాకు మాత్రం శాలువా కప్పారు. జనం వెళ్లిపోయాక స్టేజీ వెనక్కి వస్తుంటే, ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని పెట్రోమాక్స్ లైటు దగ్గర బియ్యం ఎత్తుకుంటోంది. అవి వాళ్లింటి నుంచి తెచ్చిన బియ్యం. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నం తిన్నారా అమ్మా?" అని అడిగి, బస్సు ఛార్జీ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆ శాలువా నేను ఏనాడూ కప్పుకోలేదు.

దానికంటే పెద్ద తప్పు మరుసటి ఏడు జరిగింది. ఆ మాస్టారు మళ్లీ వచ్చారు, ఇంకో నాటిక పట్టుకుని. నన్నే అడగడానికి వచ్చారు. నేను లోపల వంటింట్లో ఉండి, లేనని చెప్పించాను. సైకిలు స్టాండు తీసిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత సాంఘికం జోలికే పోలేదు. యాభై మూడో ఏట గొంతు పోయింది. దాంతోపాటు వేషమూ పోయింది, ఎందుకంటే గొంతు తప్ప నేను వేరే ఏమీ నేర్చుకోలేదు.

నాకు దారి చూపించినవాళ్లు లేక కాదు. మొదటి టాకీల్లో ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి, పాట రానివాళ్లకు పెద్ద వేషాలు అరుదు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది. ఘంటసాలగారు, లీలగారు, సుశీలగారు పాడితే ఎవరి పెదాలైనా కదిలితే చాలు. పాటతో పైకొచ్చినవాళ్లు అప్పుడు ఏం చెయ్యాలి? సీఎస్ఆర్ ఆంజనేయులుగారు స్టేజీ మీద కృష్ణుడు, తుకారాం. 1939లో 'బాలాజీ' సినిమాలో ఆయనే వేంకటేశ్వరస్వామి. మా నాన్న హార్మోనిస్టు కదా, ఆయన పద్యాలంటే ప్రాణం పెట్టేవాడు. 1957లో 'మాయాబజార్' వస్తే పదేళ్ల నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. సీఎస్ఆర్‌గారు శకునిగా తెర మీదకు వచ్చినప్పుడల్లా మా నాన్న ముందుకు వంగి, ఇప్పుడు ఎత్తుకుంటాడు, ఇప్పుడు ఎత్తుకుంటాడు అని ఒళ్లో వేళ్లతో మెట్లు నొక్కుతూ కూర్చున్నాడు. సినిమా అయిపోయింది. ఇంటికి నడుస్తూ చాలాసేపు మాట్లాడలేదు. వీధి మలుపులో ఆగి, "పద్యం లేదు గానీ శ్రుతి తప్పలేదే అమ్మా" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. నువ్వు ఇప్పుడు ఆ సినిమా పెట్టుకుని కళ్లు మూసుకుని శకుని మాటలు విను. ఎక్కడ లాగాలో, ఎక్కడ విరవాలో, ఎక్కడ గొంతు దించి పక్కవాడి చెవిలో వెయ్యాలో అంతా పాట నేర్పిన విద్యే. అంతకు రెండేళ్ల ముందు 'కన్యాశుల్కం'లో రామప్పంతులు కూడా ఆయనే.

శాంతకుమారిగారిని చూడు. 'బాలాజీ'లో ఆయన పక్కన పద్మావతి ఆవిడే. ఎంత తియ్యని గొంతు! 1955లో 'అర్ధాంగి'లో సవతితల్లి వేషం వేసింది. ఆ గొంతులో అంత కాఠిన్యం ఎక్కడ దాచిందా అనిపిస్తుంది. కన్నాంబగారైతే మన చంద్రమతే. 1935లో 'హరిశ్చంద్ర'తోనే సినిమాల్లోకి వచ్చింది. 1954లో తమిళ 'మనోహర'లో గొలుసులతో కట్టేసిన కొడుకును లేపే తల్లిగా మాట్లాడుతుంటే, మన తెలుగావిడ మాటకు అరవనాడంతా ఊగిపోయింది. నాగయ్యగారు 1946లో 'త్యాగయ్య'కు నటన, పాట, సంగీతం, దర్శకత్వం అన్నీ తానే అయి నడిపించాడు. ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో మామూలు తండ్రి వేషాలు వేశాడో. అలాంటివాళ్లు వేసిన వేషాలు మనకు తక్కువా?

మాస్టారు చెప్పింది నాకు ఎప్పుడు అర్థమైందో చెప్పనా. మీ తాతయ్యను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు. నీకు ఆరేళ్లు, గుర్తుండదు. ఇంటి నిండా జనం, ఏడుపులు. నేను మాత్రం వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్ల చెప్పులు జతలు జతలుగా సర్దుతున్నాను. ఒక చెప్పుకు జత దొరకలేదని అరుగు కిందకు వంగి వెతుకుతున్నాను. మీ పెద్దమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. అప్పుడు నా గొంతులో ఏ రాగమూ లేదు. చేటలో చెయ్యి ఆగడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అందుకని చెబుతున్నాను. మాట చివర అచ్చు సాగదీయకు. మనలాంటివాళ్లందరికీ ఉన్న అలవాటే, "వచ్చానూ", "తిన్నావూ" అని. మొన్న ఫోన్‌లో "అమ్మమ్మా" అన్నప్పుడు కూడా వినపడింది. నాకు ముద్దుగానే ఉంటుంది, కెమెరాకు ఉండదు. మాట్లాడబోయే ముందు పద్యానికి తీసినట్టు ఊపిరి తియ్యకు, భుజాలు లేస్తాయి. కెమెరా దగ్గరగా ఉంటే ఆ ఊపిరి చూసే జనం నీ మాట ముందే పసిగడతారు. ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు నీ వంతు ఎప్పుడొస్తుందా అని చూడకు, వాళ్ల ముఖం చూడు. నీ సీనులో ఏడుపు నీది కాకపోతే, అది ఎవరిదో వాళ్లకు వదిలెయ్యి. ముఖ్యంగా నీకంటే చిన్నపిల్ల ఎవరైనా మొదటి వేషం వేస్తుంటే ఆ పిల్లను కాస్త చూసుకో. ఇది నా కోసం చెయ్యి.

సెట్‌లో అందరూ "ఒక్క పద్యం పాడమ్మా" అంటారు. ప్యాకప్ అయ్యాక పాడు. బరువైన సీను ముందు మాత్రం వద్దు, ఆ చప్పట్లు ఒంట్లోంచి దిగడానికి టైము పడుతుంది.

నిన్ను కోప్పడుతున్నానని అనుకోకు. నేను వంటింట్లో దాక్కుని తప్పించుకున్న పని నువ్వు ఇరవై మూడేళ్లకే ఒప్పుకున్నావు. రాత్రి పడుకోబోతూ మీ తాతయ్య ఫోటోకు ఈ సంగతి చెప్పాను.

నీ శ్రుతిపెట్టె ఇక్కడే మర్చిపోయావు. బుధవారం మీ మామయ్య అటు వస్తున్నాడు, కాస్త మిరియాల పొడి, పటికబెల్లం కూడా పంపుతున్నాను. డైరెక్టరుగారికి రేపే ఫోన్ చేసి, "పాట వద్దు సార్, మీరు రాసుకున్నట్టే చేస్తాను" అని చెప్పు. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిదిలోపే చెయ్యి, ఆ తర్వాత మందు వేసుకుని పడుకుంటాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ